‘రెండు పెగ్గులే కదా’ అంటే ఒళ్లు ఒప్పుకోదు... చట్టమూ ఒప్పుకోదు

తాగి బండి నడిపితే కేసు అని అందరికీ తెలుసు. ఎంత తాగితే పరికరం ఎంత చూపిస్తుంది? ఆస్పత్రిలో రక్తం ఎందుకు తీస్తారు? బీమా ఏమవుతుంది? గాయపడిన మనిషి తాగి ఉన్నాడని డాక్టరుకు చెప్పాలా, దాచాలా? ఈ ప్రశ్నలకు జవాబు ప్రమాదం జరిగాక వెతుక్కునేది కాదు. ముందే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

మా మాడుగుల వైపు పెళ్లయినా, మోదకొండమ్మ పండగయినా చుట్టాలు బండి మీదే వస్తారు, బండి మీదే వెళ్తారు. ఒకవైపు వడ్డాది మీదుగా చోడవరం రోడ్డు, మరోవైపు గరికబంద దాటితే పాడేరు ఘాట్ మలుపులు. వెళ్లే చుట్టానికి హల్వా పొట్లం చేతిలో పెట్టి సాగనంపడం మన మర్యాద. ఆ చుట్టం తూలుతూ బండి తాళం తీస్తుంటే మాత్రం ‘ఏమనుకుంటాడో’ అని ఊరుకుంటాం. మొహమాటం మనకు అక్కడే అడ్డొస్తుంది.

‘తాగితే పోయేది నా ప్రాణమే కదా’ అనేవాళ్లు మనలో చాలామంది. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున ఒక ద్విచక్ర వాహనదారుడు జాతీయ రహదారి మీద అదుపుతప్పి పడి చనిపోయాడు. బండి రోడ్డు మీదే ఉండిపోయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు దాని మీదకెక్కి ఈడ్చుకుంటూ వెళ్లడంతో మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ వాహనదారుడు మద్యం తాగి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. బస్సులోని లోపాలు, బస్సు నడిపిన వ్యక్తి బాధ్యత వేరే సంగతి. తాగినవాడు ఢీకొట్టాల్సిన అవసరం కూడా లేదు, అతను పడిపోయినా పక్కవాళ్ల ప్రాణాలు పోతాయి. ఆ రాత్రి మనకు చెప్పింది ఇదే.

30 అంటే ఎంత?

మోటారు వాహనాల చట్టం 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. పరికరంలో ‘30 దాటింది’ అంటే అర్థం ఇదే. ఇంగ్లండ్‌లో ఈ హద్దు 80, స్కాట్లాండ్‌లో 50, స్వీడన్‌లో 20. పెద్దలకు 50, కొత్తగా నేర్చుకున్నవారికి 20 మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన చట్టం కఠినమైన వాటిలోనే ఉంది.

ఇక పెగ్గుల్లోకి మారుద్దాం. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో రెండు చిన్న పెగ్గులు తాగితే రక్తంలో ఆల్కహాల్ 40 దాకా చేరవచ్చు. అప్పటికే హద్దు దాటినట్టే. స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మోతాదు ఎక్కువ చూపిస్తుంది. 50 కిలోల మహిళకు ఒక్క చిన్న పెగ్గే 30 దాటించవచ్చు. సన్నగా ఉన్నవారికీ, వయసు పైబడినవారికీ ఇదే వర్తిస్తుంది.

‘నేను బీరే తాగాను’ అనేది ఇంకో మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం అనుకుంటే మొత్తం 40 గ్రాములకు పైనే. నాలుగు చిన్న పెగ్గులతో సమానం. తాటికల్లు, ఏజెన్సీలోని జీలుగు కల్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కల్లు పొద్దు ఎక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. నాటుసారా సంగతి చెప్పనక్కర్లేదు. అందులో ఎంత శాతం ఉందో కాచినవాడికే తెలియదు. పరికరానికి సీసా మీది పేరుతో పనిలేదు. అది వెతికేది ఆల్కహాల్ ఒక్కదాన్నే.

తాగింది ఎప్పుడు దిగుతుంది? కాలేయం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించగలదు. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, వాంతి... ఏదీ ఆ వేగాన్ని పెంచదు. కాఫీ తాగితే నిద్ర పోతుంది గానీ మత్తు పోదు. మెలకువగా ఉన్న తాగుబోతు నిద్రమత్తులోని తాగుబోతు కంటే ధైర్యంగా బండి తీస్తాడు, అదే ఇంకా ప్రమాదం.

ఒక ఉదాహరణ చూడండి. 70 కిలోల మనిషి రాత్రి 11 గంటలకు మొదలుపెట్టి క్వార్టర్ ముగించాడు. శరీరంలో చేరింది దాదాపు 60 గ్రాములు. తెల్లవారి 5 గంటలకు పాల వ్యాన్ తీసేటప్పటికి అతని రక్తంలో ఇంకా 30 పైనే ఉండవచ్చు. అదే క్వార్టరున్నర తాగితే ఉదయం 9 గంటలకు కూడా హద్దు దిగకపోవచ్చు. అది పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే వేళ. ‘రాత్రి తాగాను, పడుకుని లేచాను’ అన్నది చట్టం దగ్గర జవాబు కాదు, శరీరం దగ్గర అంతకంటే కాదు.

హద్దుకు లోపల ఉంటే క్షేమం అనుకోకండి. 20, 30 దగ్గరే ఒకేసారి రెండు విషయాల మీద ధ్యాస పెట్టే శక్తి తగ్గుతుంది. 50కి వచ్చేసరికి కదిలే వస్తువును కంటితో వెంబడించడం కష్టమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే చాలు, బండి ఇంకో 8 మీటర్లు ముందుకు వెళ్తుంది. రోడ్డు దాటుతున్న బిడ్డకూ బండికీ మధ్య ఆ 8 మీటర్లే ఉంటే?

ఊదగానే ఎలా తెలుస్తుంది?

రక్తంలోని ఆల్కహాల్ ఊపిరితిత్తుల గాలిగదుల్లో కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలో అంత ఉంటుందన్న లెక్కతో బ్రెత్ అనలైజర్ పనిచేస్తుంది. అందుకే పోలీసులు ‘గట్టిగా, ఆగకుండా ఊదు’ అంటారు. ముందు వచ్చేది నోటి గాలి. లోతు నుంచి చివర్లో వచ్చే గాలే రక్తం సంగతి చెబుతుంది.

అమెరికాలో 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారుచేసిన మొదటి బ్రెతలైజర్‌లో రసాయనం రంగు మారేది. పొటాషియం డైక్రోమేట్ నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగితే మద్యం ఉన్నట్టు. ఇప్పుడు పోలీసుల చేతిలో ఉండేవాటిలో ఎక్కువ ఫ్యూయెల్ సెల్ రకం. ఆల్కహాల్ ప్లాటినం పలకను తాకి చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది. ఎంత ఆల్కహాల్ ఉంటే అంత కరెంటు. అంకె, సమయం, తేదీ పరికరంలో నమోదై కాగితం మీద అచ్చవుతాయి. యాలకులు, వక్కపొడి, పాన్ వాసనను కప్పుతాయేమో గానీ ఈ కరెంటును కప్పలేవు.

పరికరానికీ పరిమితులున్నాయి. ఇప్పుడే పుక్కిలించిన మౌత్‌వాష్, కొన్ని దగ్గు టానిక్‌లు, ఆల్కహాల్‌లో కలిపిన హోమియో చుక్కలు నోట్లో కాసేపు మిగిలి అంకెను పెంచవచ్చు. ఇది 15 నిమిషాల్లో పోతుంది. నిజంగా అలాంటిదే వాడి ఉంటే గొడవపడకండి. ఆ మాట మర్యాదగా చెప్పి, 15 నుంచి 20 నిమిషాలు ఆగి, నోరు నీళ్లతో కడుక్కుని మళ్లీ పరీక్ష చేయమని అడగండి. నోటిలోదే అయితే రెండోసారి అంకె పడిపోతుంది. తాగిందే అయితే నిలబడుతుంది. పరికరానికి నిర్ణీత కాలానికి క్యాలిబ్రేషన్ జరగాలి. ప్రతి ఒక్కరికీ కొత్త గొట్టం వాడాలి. ఈ రెండూ అడగడం మీ హక్కు.

చట్టం చేతిలో ఏముంది?

2019 సెప్టెంబరు 1 నుంచి శిక్షలు పెరిగాయి. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మరోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. అంతకుముందు మొదటిసారి జరిమానా 2,000 వరకే ఉండేది. రోడ్డు మీద చలానా కట్టి వెళ్లిపోయే కేసు కాదిది. మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. లైసెన్సును పోలీసులు స్వాధీనం చేసుకుని రవాణా అధికారికి పంపుతారు. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ 2015లోనే ఇలాంటి కేసుల్లో కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇదే చట్టంలో కుటుంబాలు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

• ఊదడానికి నిరాకరిస్తే తప్పించుకోవచ్చన్నది అపోహ. కారణం లేకుండా పరీక్షకు ఒప్పుకోకపోతే దాన్నే అతనికి వ్యతిరేకంగా కోర్టు పరిగణించవచ్చు (205వ సెక్షన్).

• అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరిపించాలి. లేదంటే విడిచిపెట్టాలి (202వ సెక్షన్). ఇది పౌరుడికి రక్షణ.

• తాగాడని తెలిసీ బండి నడపమని ప్రోత్సహించినవారు కూడా నేరంలో భాగస్వాములే (188వ సెక్షన్). ‘ఏం కాదు పోనీ’ అని తాళాలు ఇచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

• మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి, లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు (199ఎ).

• గంజాయి వంటి మత్తు పదార్థాల ప్రభావంలో నడిపినా ఇదే 185వ సెక్షన్. అక్కడ 30 లాంటి హద్దు కూడా లేదు.

మనిషి చనిపోతే సంగతి మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. అంతేకాదు, ప్రాణం పోతుందని తెలిసీ చేశాడని తేలితే 105వ సెక్షన్ కింద పదేళ్ల వరకు పడవచ్చు. 2006లో ముంబయి బాంద్రాలో తాగి కారు నడిపి, పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న ఏడుగురి ప్రాణాలు తీసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ దృష్టితోనే శిక్షను ఖాయం చేసింది. ‘పొరపాటున జరిగింది’ అన్న మాట అక్కడ నిలవలేదు.

కోర్టులు ఇంకో దారి కూడా పడుతున్నాయి. 2023లో విశాఖలో తాగి నడుపుతూ దొరికిన యాభై మందికి పైగా ఆర్కే బీచ్ శుభ్రం చేశారు. హైదరాబాద్‌లో భార్యను, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. జరిమానా కట్టగలిగినవాడికి కూడా తల్లి పక్కన కూర్చోవడం బరువే.

ఆస్పత్రిలో రక్తం తీసేది ఎందుకు?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో తాగి నడపడం కారణంగా లెక్కకెక్కినవి మూడు శాతంలోపే. రాత్రిపూట క్యాజువాలిటీలో పనిచేసే ఏ డాక్టరునడిగినా ఈ అంకె నమ్మలేనంత చిన్నదంటారు. కారణం చిన్నదే. పరీక్ష చేస్తేనే అంకె. చేయకపోతే ఆ ప్రమాదం కాగితం మీద ‘అతివేగం’ అయిపోతుంది.

గాయపడి ఆస్పత్రిలో చేరిన డ్రైవరును ఊదమని పోలీసులు అడగాలంటే ముందు అతనికి వైద్యం చేస్తున్న డాక్టరుకు చెప్పాలి. రోగి పరిస్థితికి హాని అనిపిస్తే డాక్టరు వద్దనవచ్చు. చికిత్సదే మొదటి స్థానం. పొట్టలో గాయమై, దవడ విరిగి ఉన్న మనిషి ఎలాగూ ఊదలేడు. అప్పుడు రక్తమే దారి. 2019 సవరణ తరువాత ల్యాబ్ పరీక్షలో తేలినా 185 కింద నేరమే అని స్పష్టం చేశారు.

రక్తం తీయడంలో కొన్ని నియమాలున్నాయి. చర్మాన్ని మామూలుగా తుడిచే స్పిరిట్ దూది ఇక్కడ వాడకూడదు, అందులోనూ ఆల్కహాలే కదా. సబ్బునీటితోనో, ఆల్కహాల్ లేని మందుతోనో తుడుస్తారు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయరు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న గొట్టంలోనే నింపుతారు. లేకపోతే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి గొట్టంలోనే ఆల్కహాల్ తయారుచేయగలవు. సీలు వేసి, సంతకాలు పెట్టి, చల్లగా భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఈ వరుసలో ఏ ఒక్కటి తప్పినా తాగినవాడు బయటపడవచ్చు, తాగనివాడు ఇరుక్కోవచ్చు.

‘వాసన వస్తోంది, తూలుతున్నాడు, మాట తడబడుతోంది’ అని డాక్టరు రాస్తే సరిపోదా? సరిపోదని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వాసన, నడక, మాట, కంటిపాప విప్పారడం... వీటితోనే తాగి ఉన్నాడని తేల్చలేమని, రక్తమో మూత్రమో పరీక్షించాల్సిందని ఒక ప్రమాద కేసులో తీర్పునిచ్చింది. వైద్యపరంగా చూసినా అదే నిజం.

ఇక్కడ కాలం పెద్ద శత్రువు. ఘాట్‌లో పడిన మనిషిని 108 వచ్చి కిందికి దించాలి. దగ్గరి ఆస్పత్రిలో రక్తస్రావం ఆపాలి. అక్కడి నుంచి అనకాపల్లికో, విశాఖ కేజీహెచ్‌కో పంపాలి. నాలుగు గంటలు గడిస్తే రక్తంలో 60 మిల్లీగ్రాములు తగ్గిపోయినట్టే. పడేటప్పుడు 80 ఉన్నవాడు పరీక్ష నాటికి 20 చూపిస్తాడు. అందుకే మొదట చూసిన ఆస్పత్రిలోనే రక్తం తీయడం ముఖ్యం.

డాక్టరుకు నిజం చెప్పండి

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. ప్రమాదంలో గాయపడిన మనిషి స్ట్రెచర్ మీద ఉంటాడు. ‘తాగి ఉన్నాడా?’ అని అడుగుతాం. ‘అబ్బే, మా వాడికి అలవాటే లేదండీ’ అని బావమరిదో, స్నేహితుడో తొందరగా జవాబిస్తాడు. కేసు అవుతుందనీ, బీమా పోతుందనీ భయం. ఆ భయం అర్థమవుతుంది. దాని ఖరీదు కూడా తెలుసుకోవాలి.

తాగిన మనిషి కడుపు నిండుగా ఉంటుంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. ఆల్కహాల్ ఉన్న ఒంట్లోకి నిద్రమందు, కొన్ని నొప్పి ఇంజెక్షన్లు మామూలు మోతాదులో ఇచ్చినా శ్వాస మందగించవచ్చు. ముందు తెలిస్తే మత్తు డాక్టరు జాగ్రత్తపడతాడు.

రోజూ తాగే అలవాటు ఉంటే ఇంకో ఆపద. కాలు విరిగి వార్డులో చేరతాడు. మందు ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేనిది కనిపిస్తోందని అరుస్తాడు, కట్లు పీక్కుంటాడు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. ‘దెబ్బకు మతి పోయింది’ అని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. అది మద్యం ఒక్కసారిగా ఆగినందువల్ల వచ్చే జబ్బు. పట్టించుకోకపోతే ప్రాణం తీస్తుంది. మొదటి రోజే అలవాటు సంగతి చెబితే ముందుగానే మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఆ దశను దాటించవచ్చు.

మీరు చెప్పింది కేస్‌షీట్‌లో రాస్తామా? రాస్తాం. రేపు కోర్టు అడిగితే అది చూపించాల్సిందే. దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. కానీ మీరు దాచినంత మాత్రాన రక్తంలో ఉన్నది మారదు. మారేది చికిత్స ఒక్కటే. కేసును తరువాత లాయరు చూసుకుంటాడు. ఊపిరి ఆగితే చూసుకోవడానికి ఎవరూ ఉండరు.

మత్తా? తలకు దెబ్బా?

ఇంకో పొరపాటు ఊళ్లలో ఎక్కువగా చూస్తాం. తాగి బండి మీంచి పడిన మనిషిని ఇంటికి తెచ్చి ‘దిగాక లేస్తాడులే’ అని అరుగు మీద పడుకోబెడతారు. తెల్లవారి లేవడు. తల లోపల రక్తం గడ్డకడుతుంటే లక్షణాలు మత్తులాగే ఉంటాయి. మాట తడబడటం, మగత, వాంతి రెండింటిలోనూ ఒకటే. కొందరు పడిన వెంటనే బాగానే మాట్లాడి, కొన్ని గంటల తరువాత స్పృహ కోల్పోతారు.

తలకు దెబ్బ తగిలే అవకాశం ఉంటే తాగాడా లేదా అన్నది పక్కన పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముఖ్యంగా ఈ గుర్తులుంటే క్షణం ఆగవద్దు: పిలిస్తే సరిగా పలకకపోవడం, ఆగకుండా వాంతులు, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం లేదా నీరు, ఒక కంటిపాప పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉండటం, గురకలాంటి ఊపిరి, ఫిట్స్, ఒక పక్క చేయి, కాలు కదలకపోవడం. స్పృహ లేని మనిషికి మజ్జిగ, ఉప్పునీళ్లు పోయకండి. వాంతి చేయించకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తిప్పేటప్పుడు మెడ మెలిపడకుండా తల, ఒళ్లు కలిపి తిప్పాలి.

మధుమేహులను ‘తాగుబోతు’ అనుకోవడం కూడా జరుగుతుంది. చక్కెర పడిపోయినప్పుడు చెమట, తూలు, పొంతన లేని మాట వస్తాయి. షుగరు మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో తాగితే చక్కెర ఇంకా పడిపోతుంది. వేలికొసన ఒక్క చుక్క రక్తంతో ఈ తేడా నిమిషంలో తెలుస్తుంది.

గాయపడినవారిని తీసుకొచ్చినందుకు మీ మీద కేసు పెట్టరు. చట్టంలోని 134ఎ సెక్షన్ సహాయం చేసినవారిని కాపాడుతుంది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం అందుతుంది.

బీమా మాటేమిటి?

కారు బీమా పాలసీలో సన్నని అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: మద్యం ప్రభావంలో నడిపితే మీ కారుకు జరిగిన నష్టం ఇవ్వరు. ‘పోలీసులు ఊదించలేదు కదా, ఎలా రుజువు చేస్తారు?’ అని అడగవచ్చు. ఢిల్లీలో 2007లో ప్రమాదానికి గురైన ఒక ఖరీదైన కారు విషయంలో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. పరికరం అంకె లేకపోయినా ఇతర ఆధారాలతో మద్యం ప్రభావాన్ని బీమా సంస్థ చూపించవచ్చని, క్లెయిము నిరాకరించవచ్చని తీర్పునిచ్చింది. అవతలివారికి నష్టపరిహారం విషయంలో చాలా కేసుల్లో బీమా సంస్థ ముందు చెల్లించి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. అంటే ఆ లక్షలు చివరికి మీ ఇంటి మీద, పొలం మీద పడతాయి. వ్యక్తిగత ప్రమాద బీమాల్లోనూ మత్తులో జరిగిన ప్రమాదాలను మినహాయించే షరతులు సాధారణం. పాలసీ కాగితం ఈ ఆదివారమే తీసి చదవండి.

బండే మొరాయించే రోజులు

ఊదితేనే ఇంజన్ స్టార్టయ్యే ‘ఆల్కహాల్ ఇంటర్‌లాక్’ పరికరాలు చాలా దేశాల్లో ఉన్నాయి. తాగి దొరికినవారి కార్లకు కోర్టులే వీటిని బిగించమంటాయి. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో ఈ పరికరం బిగించడానికి వీలు ఉండాలి. తాగినవారిని గుర్తించే సాంకేతికతను కొత్త కార్లలో తప్పనిసరి చేసేలా నిబంధనలు రూపొందించాలని అమెరికా 2021లో చట్టం చేసింది. డ్రైవరు చుట్టూ ఉన్న గాలిని పీల్చి చూసేవి, స్టార్ట్ బటన్ మీద వేలు పెడితే చర్మం గుండా కాంతి పంపి కొలిచేవి అక్కడ పరిశోధనలో ఉన్నాయి.

మన దగ్గర ఈ జాగ్రత్త ఇప్పటికే కొన్ని ఉద్యోగాల్లో ఉంది. రైలు నడిపే లోకో పైలట్ డ్యూటీ ఎక్కే ముందు ఊదాలి. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లకు పరీక్ష ఉంది. విమానం నడిపేవారికి హద్దు సున్నా. మీ పిల్లల స్కూలు వ్యాను డ్రైవరుకు ఉదయం ఇలాంటి పరీక్ష ఉందా? తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న అడగండి. చిన్న పరికరం కొనడం ఏ స్కూలుకూ భారం కాదు.

సందేహాలు - సమాధానాలు

తాగిన మనిషి పక్కన తాగనివారు ఉన్నారు. బండిని పోలీసులు తీసుకోవచ్చా?
తాగని, లైసెన్సు ఉన్న మరొకరు ఉంటే వారికి అప్పగించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఎవరూ లేకపోతే బండిని భద్రపరిచి, తరువాత పత్రాలు చూపించిన యజమానికి ఇస్తారు.

ఇంట్లోనే చిన్న పరికరం కొని చూసుకుని వెళ్లవచ్చా?
చౌక పరికరాల అంకెలు నమ్మలేం. పైగా తాగిన అరగంట, గంట వరకు రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. బయల్దేరేటప్పుడు 25 ఉన్నది దారిలో 40 కావచ్చు.

భోజనం చేసి తాగితే పరవాలేదా?
అంకె నెమ్మదిగా పెరుగుతుంది, కాస్త తక్కువగా ఉంటుంది. కానీ పెరగడం మాత్రం ఆగదు.

జలుబు మాత్ర వేసుకుని కొంచెం తాగితే?
జలుబు, దురద, నిద్ర మాత్రల్లో కొన్నింటికి మత్తు గుణం ఉంది. ఒక పెగ్గుతో కలిస్తే అది ఎన్నో రెట్లవుతుంది. అంకె 30 లోపే ఉన్నా చేయి అదుపులో ఉండదు.

ఇంట్లో ఏం చేయాలి?

విందుకు బయల్దేరే ముందే ఎవరు తాగరో, ఎవరు నడుపుతారో తేల్చండి. అక్కడికెళ్లాక తేల్చుకుందాం అంటే ఎవరూ మిగలరు. పెళ్లి ఇంటివారు నాలుగు మంచాలు, రెండు ఆటోలు అదనంగా మాట్లాడి పెట్టండి. తాగినవారి తాళాలు ఇంటి పెద్ద దగ్గర ఉంచే పద్ధతి పెట్టుకోండి. ‘బావగారూ, పొద్దున టిఫిన్ చేసి వెళ్దురు’ అన్న మాటకు ఎవరూ నొచ్చుకోరు.

ఆపలేని స్థాయికి అలవాటు పోయి ఉంటే అది తిట్టి మాన్పించేది కాదు, వైద్యంతో తగ్గించేది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా సొంతంగా మానేయకూడదు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. మత్తు విముక్తి సలహా కోసం 14446, మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలి మానస్ 14416 నంబర్లు ఉచితం. మన వైపు వారికి విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

చట్టం 10,000 రూపాయలు అడుగుతుంది, పరికరం ఒక అంకె చెబుతుంది. ఈ రెండూ వచ్చేది మనిషి రోడ్డెక్కిన తరువాతే. అంతకుముందు గుమ్మంలో నిలబడి ఆపగలిగేది ఇంట్లోవాళ్లు మాత్రమే. ఈసారి చుట్టం చేతిలో హల్వా పొట్లం పెట్టేటప్పుడు రెండో చేత్తో బండి తాళం అడగండి.